తప్పు దొరికితే గంట

మా వదిన ఎవరినీ ఉత్త పిలుపుతో వదిలిపెట్టదు. వెనకాల ఒక ‘గారు’ తగిలించాల్సిందే. డాక్టరు గారు, ప్రిన్సిపాల్ గారు అంటే సరే అనుకోవచ్చు. పేపరు వేసే ఆయన పేపరుగారు, మీటరు రీడింగు తీసుకునే ఆయన మీటరుగారు. మా పిట్టగోడ మీద పెత్తనం చేసే నల్లపిల్లి పిల్లిగారు. ఆమె కంటే చిన్నదాన్నయిన నన్ను కూడా ‘ఆడపడుచు గారూ’ అనే పిలుస్తుంది. పిలుపులోనే గారు, ఆ తర్వాతంతా నువ్వే. కొత్తలో వెక్కిరిస్తోందేమో అనుకుని మూతి ముడుచుకున్నాను. పోనుపోనూ తెలిసింది, అది ఆమెకి ఊపిరి తీసుకోవడం లాంటిదని.

అన్నయ్య పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇల్లు నడుస్తున్నది వదిన ఉద్యోగం మీదే. డబ్బా కట్టుకుని బస్సెక్కే ఉద్యోగం కాదు. వంటింటి పక్కన పాత సామాన్లు పడేసే చిన్న గది ఖాళీ చేయించి, అందులో బల్ల వేయించి, కంప్యూటరు పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లోపలికి వెళ్ళి తలుపేసుకుంటే మళ్ళీ రాత్రి భోజనాలప్పుడే బయటికి రావడం. తెర మీద చీటీల ఫోటోలు వస్తుంటాయి. మందుల చీటీలు, కొరియర్ అడ్రసులు, ఆస్పత్రి కాగితాలు. అన్నీ చేత్తో రాసినవే, అన్నీ కోడి కెలికినట్టే ఉంటాయి. వాటిని చదివి, రాసింది రాసినట్టు టైపు చెయ్యాలి. అవి ఎక్కణ్ణుంచి వస్తాయో, తను కొట్టింది ఎక్కడికి పోతుందో ఆమెకి తెలియదు. మధ్యలో ఒక ఏజెన్సీ ఉంది. ఈ పని ఏమిటో బయట పొక్కనివ్వనని, ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పనని ఆ ఏజెన్సీకి సంతకం పెట్టింది. కాబట్టి మా ఇంట్లో అందరికీ అది ‘టైపింగు పని’.

వదిన లోపల ఉన్నంతసేపూ మా నాన్న ఆ గది ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కాపలా కాస్తారు. ఎవరూ అడక్కుండానే ఆ పని మీదేసుకున్నారు. ఆయన కనుసైగ చెయ్యకుండా మా ఇంట్లో మిక్సీ తిరగదు. చుట్టాలొచ్చి గట్టిగా మాట్లాడితే, ‘కోడలు డ్యూటీలో ఉంది’ అని కలెక్టరు గురించి చెప్పినంత గొప్పగా చెబుతారు. కంప్యూటరులో కెమెరా ఉంటుంది. గదిలో ఇంకో మనిషి కనబడినా, ఇంకో గొంతు వినబడినా వదినకి మార్కు తగ్గుతుంది. ఫోను బయట అల్మారాలో పెట్టి వెళ్ళాలి.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి షిఫ్టు ఆగిపోయినప్పుడు, మేడ మీద బట్టలు తీస్తూ వదిన నాకొక్కదానికే అసలు సంగతి చెప్పింది.

“రాసింది రాసినట్టే కొట్టాలట. డాక్టరు అని ఉంటే డాక్టరు అనే కొట్టాలి. తెలుసు నాకు. అయినా వేళ్ళు ఆగవే! గారు కొట్టేసి నాలిక్కరుచుకుంటాను.”

“కొడితే ఏమవుతుంది వదినా?”

“తప్పు కింద పడుతుంది. పడినప్పుడల్లా తెర పైన ఎర్రగీత కొంచెం జరుగుతుంది. అటు చివరికి వెళ్ళిందా, నా ఐడీ మూసేస్తారు. ఇక దుకాణం కట్టేసినట్టే. మళ్ళీ పరీక్ష రాసి, పిలుస్తారా లేదా అని ఎదురుచూడ్డమే. మా బ్యాచ్‌లో మూసేసినవాళ్ళని ఒక్కళ్ళని కూడా మళ్ళీ పిలవలేదు.”

నా మొహం చూసి నవ్వేసింది. “భయపడకు. మందుల చీటీల్లో మనుషులు తక్కువ, మాత్రలే ఎక్కువ. మాత్రలకి గారు పెట్టనులే. పైగా మన భాషకి సాయంత్రం షిఫ్టులో నేనొక్కదాన్నే దిక్కు. అంత తొందరగా వదులుకోరు.”

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా కాలేజీ వాళ్ళు తమ ఖర్చుతో మా క్లాసుని విదేశానికి తీసుకెళ్ళారు. స్టార్టప్ కంపెనీలు ఎలా పుడతాయో, అక్కడి వ్యాపార పద్ధతులేమిటో కళ్ళారా చూపించడానికి. వదిన తన పెళ్ళినాటి పెట్టె దులిపి ఇచ్చింది. దాని జిప్పు మొండిది, కొవ్వొత్తి రుద్దితే గానీ కదలదు. కొవ్వొత్తి ముక్క కూడా పెట్టెలోనే పెట్టింది.

మాతో వచ్చిన మాస్టారు మంచివారే గానీ, కంటికి కనబడిందల్లా ఆయనకి పాఠమే. లిఫ్టు తలుపు టక్కున మూసుకుంటే “నోట్ చేసుకోండి, ఇక్కడ టైముకి ఎంత విలువో” అంటారు. కాఫీ మెషిన్ చెడిపోతే “నోట్ చేసుకోండి, ఇక్కడెవరూ కంగారుపడరు” అంటారు. మేం ఆయన్ని వెనకాల నోట్ మాస్టారు అంటాం. ఆయనకి తెలుసు, ఏమీ అనుకోరు. ఆయనతో ఎదురు వాదన పెట్టుకునేది మా క్లాసులో ఒక్కడే. ప్రతిదానికీ వాదిస్తాడని వాడికి లాయరు అని పేరు పెట్టాం.

రోజూ కంపెనీలు తిరిగాం. అన్నిచోట్లా అవే గాజు గదులు, అవే బీన్ బ్యాగులు. కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యందించి లేపాల్సిందే. ప్రతి యజమానీ తన కంపెనీని కారు షెడ్డులోనే మొదలుపెట్టాడట. మరి ఆ దేశంలో కార్లు ఎక్కడ నిలుపుకుంటారో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

ఆరోజు వెళ్ళిన కంపెనీ ఒక పెద్ద హాలు. హాలు మధ్యలో పైకప్పు నుంచి ఇత్తడి గంట వేలాడుతోంది, మా చిన్నప్పుడు స్కూల్లో ఇంటిబెల్లు కొట్టే గంటంత ఉంది. కంపెనీ యజమాని కుర్రవాడే. మల్లెపువ్వంత తెల్లటి బూట్లు వేసుకున్నాడు, అందుకని మేం లోపలికి అడుగుపెట్టగానే ఆయన పేరు తెల్లబూట్లు అయిపోయింది. మాట్లాడింది ఇంగ్లీషులోనే గానీ, నిదానంగా, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాడు.

“మా దగ్గర తప్పు చేస్తే ఎవరూ తిట్టరు. తప్పు దొరికితే గంట కొడతాం. అందరం చప్పట్లు కొడతాం. తప్పు దొరికిందంటే ఏదో కొత్తది నేర్చుకున్నట్టే కదా” అన్నాడు.

మాస్టారికి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. “నోట్ చేసుకోండి. తప్పుకి భయపడని పద్ధతి. మనకి లేనిది ఇదే” అన్నారు. అందరం రాసుకున్నాం. నేనూ రాసుకున్నాను.

తర్వాత తమ మెషిన్ గురించి చెప్పాడు. ఎంత గజిబిజి చేతిరాతనైనా చదివేస్తుందట. ఆస్పత్రులకీ కొరియర్ వాళ్ళకీ దాన్ని అమ్ముతున్నారట. చాలా భాషలొచ్చట. “మీ భాష కూడా వచ్చు” అని మా వైపు చూసి కన్నుగీటాడు. అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం వదిన గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఇలాంటి మెషిన్ ఊళ్ళోకి వస్తే ఆమె చిన్న గది మళ్ళీ పాత సామాన్ల గదే అవుతుంది కదా అనుకున్నాను. అంతకంటే ముందుకి నా బుర్ర పోలేదు.

బల్ల మీద ఖాళీ కార్డులూ పెన్నులూ పెట్టాడు. మనం రాసిన కార్డు కెమెరా కింద పెడితే గోడ మీది పెద్ద తెరలో కనబడుతుంది. పక్కనే చిన్న గడియారం గుండ్రంగా తిరుగుతుంది. అది పూర్తిగా తిరిగేలోపు మెషిన్ చదివింది అక్షరాలుగా పడాలి. సరిగ్గా ఉంటే పచ్చమీట, తప్పుంటే ఎర్రమీట మనమే నొక్కాలి. ఆలస్యమైతే ఎర్రమీట దానంతటదే వెలుగుతుంది. ఎర్రది వెలిగితే గంట. ఎక్కువసార్లు గంట కొట్టించినవాళ్ళకి కంపెనీ పేరున్న టీషర్టు బహుమతి.

మొదటి కార్డు మాస్టారు రాశారు. ‘ప్రిన్సిపాల్ ఆఫీసు’ అని. గడియారం కొంచెం తిరిగింది. తెర మీద అక్షరాలు పడ్డాయి: ప్రిన్సిపాల్ గారి ఆఫీసు.

హాలంతా గొల్లుమంది. తెల్లబూట్ల ఆయనకి అర్థం కాక అడిగితే, మాస్టారు మా మర్యాదల గురించి చిన్న ఉపన్యాసమిచ్చారు. ఆయన మురిసిపోయాడు. “చూశారా, మీ సంస్కారం కూడా నేర్చేసుకుంది! అయినా రాసింది అది కాదుగా” అని ఎర్రమీట నొక్కించాడు. గంట మోగింది. చప్పట్లు.

నేనూ నవ్వాను. మా వదినకి చెబితే ఎంత నవ్వుతుందో అనుకున్నాను కూడా.

లాయరు ఊరుకునే రకమా! “దీని గుట్టు దొరికింది, మనుషుల్ని రాద్దాం” అని ‘తాతయ్య కళ్ళజోడు’ అని వంకర టింకరగా రాసి కెమెరా కింద తోశాడు. తాతయ్యగారి కళ్ళజోడు. గంట. ఇంకొకడు ‘బాబాయి సైకిలు’ రాశాడు. బాబాయి సైకిలు అనే పడింది. “అరే, సర్దుకుంది” అనుకునేలోపే ఒకడి వెనక ఒకడు కార్డులు తోసేశారు. పెద్దమ్మ, హెడ్మాస్టరు, మేనత్త. ఒకటి సరిగ్గా పడితే రెండు గార్లతో పడ్డాయి. అప్పుడు ఈ ప్రయాణంలో నా గదిలో ఉంటున్న పిల్ల కిసుక్కున నవ్వుతూ ‘పిల్లి గోడ దూకింది’ అని రాసింది.

తెర మీద ‘పిల్లిగారు గోడ దూకింది’ అని పడింది.

నవ్వులతో హాలు దద్దరిల్లింది. నా నవ్వు మాత్రం ఆగిపోయింది. మెషిన్ అన్నాక ప్రిన్సిపాల్‌కి గారు నేర్చుకోవచ్చు, తాతయ్యకి నేర్చుకోవచ్చు. పిల్లికి గారు పెట్టే ప్రాణి ఈ లోకంలో నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఇక్కడ ఇంకా మధ్యాహ్నం కాలేదు. అంటే ఇంటి దగ్గర సాయంత్రం షిఫ్టు. మన భాషకి నేనొక్కదాన్నే దిక్కు అన్న మాట చెవుల్లో మోగింది. గోడ వెనక మెషిన్ లేదు. మా వంటింటి పక్క చిన్న గదిలో, చేతనైనంత వేగంగా టైపు చేస్తూ, మా వదిన ఉంది.

గంట కొట్టారు. ఎర్రగీత ఇంకాస్త జరిగి ఉంటుంది.

లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలి? ‘అది మా వదిన, ఆపండి’ అని అరవొచ్చు. అరిస్తే తెల్లబూట్ల ఆయన ఏజెన్సీని అడుగుతాడు. నీ పని సంగతి మీ ఆడపడుచుకి ఎలా తెలిసిందని ఏజెన్సీ వదినని అడుగుతుంది. సంతకం పెట్టిన మాట తప్పినందుకు ఆ పూటే తీసేస్తారు. అరవకపోతే ఈ గంటలే ఆమెని తీసేస్తాయి. నోరు విప్పితే ఒక రకం, మూసుకుంటే ఇంకో రకం. నా బతుకులో అంత చేతకానితనం ఎప్పుడూ ఎరగను.

మాస్టారి దగ్గరికి వెళ్ళి, “సార్, ఇంగ్లీషులో రాద్దాం సార్, మనదే రాస్తే వాళ్ళకేం అర్థమవుతుంది” అన్నాను.

“అదేంటమ్మా! మన భాషలో పరీక్షించే అవకాశం మళ్ళీ మళ్ళీ వస్తుందా? వాళ్ళకి మనం చేస్తున్న సాయం ఇది” అన్నారు.

“పోనీ, తర్వాతి కంపెనీకి టైమవుతోంది కదా సార్.”

“ఇవాళ ఇదొక్కటే. ఇక్కడే మీ ఇంటర్న్‌షిప్‌ల సంగతి కూడా మాట్లాడాలి. వెళ్ళు, నువ్వూ ఒకటి రాయి.”

లాయరుని చొక్కా పట్టుకుని పక్కకి లాగాను. “ఇక చాలు, ఆపరా. మెల్లగానైనా పెట్టండిరా కార్డులు. అంత తొందరేంటి?”

“మెషిన్‌కి ఆయాసం వస్తుందా ఏంటి?” అన్నాడు.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడు చేసిన తప్పేముంది? నిజంగానే, మెషిన్‌కి ఆయాసం వస్తుందా ఏంటి? నిమిషం క్రితం దాకా నేనూ పగలబడి నవ్వినదాన్నేగా.

వరండాలోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాను. వదిన ఫోను అల్మారాలో ఉంటుంది కాబట్టి నాన్న నంబరుకే చేశాను.

“ఏం తల్లీ! అంతా క్షేమమేనా? తిన్నావా?”

“తిన్నాను నాన్నా. వదిన ఉందా?”

“డ్యూటీలో ఉందమ్మా. ఇవాళ పని మా జోరుగా ఉన్నట్టుంది. టకటకటక ఒకటే చప్పుడు. మంచినీళ్ళకి కూడా లేవలేదు పాపం.”

“నాన్నా, ఒక్కసారి తలుపు కొట్టి వదినని పిలవండి. అర్జంటు.”

“తలుపు కొట్టడమా?” నాన్న గొంతు తగ్గించారు. “కొడితే వినబడుతుందటమ్మా. మార్కు తగ్గిస్తారట. మొన్న నేను దగ్గితేనే భయపడి చచ్చాను. ఏంటో చెప్పు, బయటికి రాగానే చెబుతాను.”

ఏం చెప్పను? తలుపు కొట్టకపోతే ఏమవుతుందో చెప్పాలంటే, ఆమె ఆయనకి కూడా చెప్పని సంగతి చెప్పాలి. చెప్పినా, తలుపు కొట్టిన చప్పుడుకి ఇంకో గీత జరుగుతుంది. ఆ గీత ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలియదు.

“ఏం లేదు నాన్నా. ఊరికే.”

“ఊరికే కంగారుపెట్టకు. మీ వదిన పనికి అడ్డం రాకుండా నేనున్నానుగా ఇక్కడ” అన్నారు, ఎంతో ధీమాగా. ఫోను పెట్టేశాక గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల గంట మోగింది. కాసేపటికి ఇంకోసారి.

తెల్లబూట్ల ఆయన కాఫీ కోసం బయటికొచ్చాడు. ధైర్యం కూడగట్టుకుని అడిగాను. “సార్, ఆ మెషిన్ వెనక ఎవరైనా మనుషులుంటారా?”

ఆయన మొహం ఏమాత్రం మారలేదు. “మంచి ప్రశ్న. నేర్చుకునే దశలో కొంత మనుషుల సాయం తీసుకుంటాం. అందరూ తీసుకుంటారు. అదంతా వేరే సంస్థ చూసుకుంటుంది. వాళ్ళెవరో, ఎక్కడుంటారో మాకు తెలియదు. మాకు కనబడేవి ఐడీలు మాత్రమే.”

“మరి మనం ఎర్రమీట నొక్కితే వాళ్ళకేమవుతుంది?”

“ఏమీ అవదు. స్కోరు అటూ ఇటూ అవుతుందేమో. దానంతటదే జరిగిపోతుంది.”

“నొక్కినవి వెనక్కి తీసుకోవచ్చా?”

“ఎందుకు తీసుకోవాలి?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “తప్పులు మాకు చాలా విలువైనవి.” తర్వాత నా మొహంలోకి చూసి, కాఫీ కప్పు పక్కన పెట్టాడు. “నీకు తెలిసినవాళ్ళెవరైనా ఆ పని చేస్తున్నారా? ఐడీ చెబితే కనుక్కుంటాను.”

ఎంతో మర్యాదగా, మనస్ఫూర్తిగా అడిగాడు. గొంతు దాకా వచ్చింది. చెప్పేస్తే ఈయన ఆపేస్తాడేమో. ఆపి, రేపు ఏజెన్సీకి ఫోన్ చేసి, ఫలానా అమ్మాయి వాళ్ళ వదినట కదా అని నవ్వుతూ చెబుతాడు. ఈయన నవ్వుకి అక్కడ ఏమవుతుందో ఈయనకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు. “ఎవరూ లేరు సార్” అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

లోపలికి వచ్చేసరికి లాయరు టీషర్టు అప్పుడే చేతికొచ్చినంత సంబరంగా ఉన్నాడు. “నువ్వొక్కదానివే మిగిలావు. రాయి, రాయి” అని అందరూ నన్ను బల్ల దగ్గరికి తోశారు.

పెన్ను పట్టుకున్నాను. ‘గారు పెట్టకు వదినా’ అని రాస్తే ఆమె చూస్తుంది. కానీ గోడంత తెర మీద అందరూ చూస్తారు. మాస్టారు చదువుతారు, వాళ్ళ దగ్గర రికార్డవుతుంది. రాయకూడదు. నేను చెయ్యగలిగింది ఒక్కటే. తప్పు పడటానికి వీల్లేని మాట, ముత్యాల్లాంటి అక్షరాలతో రాయడం. ఆమె ఖాతాలో ఒక్క పచ్చదైనా వేయించడం.

ఏ మాటకి ఆమె గారు పెట్టదు? అమ్మకి పెడుతుంది, అక్కకి పెడుతుంది. లోకంలో ఆమె గారు పెట్టని మనిషి ఒక్కతే, తను. కార్డు మధ్యలో, గుండ్రంగా, చిన్నపిల్లలకి దిద్దబెట్టినట్టు రాశాను: వదిన.

కెమెరా కింద పెట్టాను. గడియారం తిరగడం మొదలైంది. ఇంత తేలిక మాట క్షణంలో పడిపోవాలి. పడలేదు. గడియారం సగం తిరిగింది. కొట్టు వదినా, మూడక్షరాలు, కొట్టేయ్ అని లోపల్లోపల అరిచాను. ముప్పావు తిరిగింది. గడియారం పూర్తయింది. ఎర్రమీట దానంతటదే వెలిగింది. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, తెర మీద అక్షరాలు పడ్డాయి.

వదిన.

గారు లేదు. తప్పు లేదు. ఆలస్యమైంది, అంతే.

“ఇంత తేలికదానికి ఆగిపోయిందేంటి?” అని లాయరు గంట కొట్టాడు. చప్పట్లు కొడుతుండగానే తెర నల్లబడింది. మధ్యలో ఒక చుక్క గిరగిరా తిరుగుతోంది. తెల్లబూట్ల ఆయన నవ్వుతూ, “చాలా నేర్పించేశారు, జీర్ణం చేసుకుంటోంది. బిస్కెట్లు తీసుకోండి” అన్నాడు. అందరూ ప్లేట్ల చుట్టూ మూగారు. నేను ఆ చుక్క వైపే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొస్తోంది. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. ఆ వీలు కూడా లేదు.

బిస్కెట్లు అయిపోయే వేళకి తెర వెలిగింది. మాస్టారు మళ్ళీ ‘ప్రిన్సిపాల్ ఆఫీసు’ అని రాసి పెట్టారు. టక్కున పడింది: ప్రిన్సిపాల్ ఆఫీసు. లాయరు తాతయ్య కళ్ళజోడు పెట్టాడు. తాతయ్య కళ్ళజోడు. పిల్లి గోడ దూకింది. పిల్లి గోడ దూకింది. ఎక్కడా ఒక్క గారు లేదు.

“నేర్చేసుకుంది!” అని తెల్లబూట్ల ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. హాల్లో పనిచేసేవాళ్ళు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతకుముందు గంటలకి కొట్టినవి ఏపాటి, ఇవి ఆగకుండా మోగాయి.

“నోట్ చేసుకోండి” అన్నారు మాస్టారు. ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. “తప్పుల నుంచి నేర్చుకోవడమంటే ఇది. మీ కళ్ళ ముందే జరిగింది.”

ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నారు. ఎక్కడో, ఏ చిన్న గదిలోనో. వాళ్ళకి గారు అలవాటు లేదు. అంతే జరిగింది. నేను పెన్ను తీశాను గానీ ఏమీ రాయలేకపోయాను.

బస్సు ఎక్కుతుండగా ఫోను మోగింది. వదిన పేరు. షిఫ్టు వేళలో ఆమె నుంచి ఎప్పుడూ ఫోను రాదు.

“ఆడపడుచు గారూ! ఫోన్ చేశావట. మామయ్యగారు చెప్పారు. ఏంటంత అర్జంటు?” గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడుతోంది.

“ఊరికే వదినా. నువ్వేంటి, అప్పుడే బయటికొచ్చేశావు?”

వెనకాల మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ వేళప్పుడు మా ఇంట్లో మిక్సీ తిరగడం నేనెప్పుడూ వినలేదు.

“మూసేశారు” అంది. “నీకు తెలుసుగా సంగతి. మామయ్యగారికి ఇంకా చెప్పలేదు. నెట్ సమస్య అన్నాను. పాపం, ఇంకా కుర్చీలోనే కూర్చున్నారు.”

“ఎలా వదినా?”

“ఏమోనే. ఇవాళ మాత్రల చీటీలు ఒక్కటీ లేవు. అన్నీ తాతయ్యలూ పిల్లులూ. ఎవరో పనిగట్టుకుని ఆడుకున్నట్టున్నారు. సరే, అదీ తట్టుకున్నాను. గారు కొట్టకూడదని ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్క చేత్తో కొట్టాను తెలుసా? గీత అంచు దాకా వచ్చి ఆగింది. ఇంకొక్క తప్పు పడకపోతే గట్టెక్కేదాన్నే. అప్పుడొచ్చింది ఒక చీటీ.”

నేను బస్సు మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో తోశారు.

“వదిన అని ఉంది దాని మీద. ముద్దుగా, గుండ్రంగా. అచ్చం నీ రాతే. ‘ద’కి నువ్వు పెట్టే ఆ చిన్న తోకతో సహా. ఎవరు రాశారో ఏమో గానీ, నువ్వే పిలిచినట్టనిపించింది. నవ్వొచ్చి చూస్తూ ఉండిపోయాను. ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచింది.” ముక్కు ఎగబీల్చింది. “నీ మీద బెంగ కూడా ఇవాళే రావాలా చెప్పు!”

కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో లాయరు టీషర్టు తల మీంచి తొడుక్కుంటున్నాడు. మాస్టారు ఎవరితోనో ఇంటర్న్‌షిప్‌లు ఖాయమయ్యాయని చెబుతున్నారు.

“అది వదిలెయ్. నువ్వు చెప్పు, ఇవాళ ఏం చూపించారు?” అంది వదిన.

“ఏదో మెషిన్ వదినా.”

“బాగా పనిచేస్తుందా?”

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

“హలో? ఆడపడుచు గారూ? లైన్లో ఉన్నావా?”